తప్పుడు శిక్షల మీద రాష్ట్ర కమిషన్ పెడితే పనికొస్తుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు నార్త్ కరోలినాలో కేరీలో ఉంటున్నారు, అక్కడ నేరం చేయకుండానే శిక్ష పడ్డవాళ్ల కేసులను తిరగదోడే ప్రభుత్వ కమిషన్ ఒకటుందని విన్నారు, అలాంటిదే ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఒక జీవో ఇచ్చి పెట్టేయొచ్చు కదా, పెడితే ఏమైనా మారుతుందా అని. నేను ముప్పై ఏళ్లకు పైగా సెషన్స్ కోర్టుల్లో ముద్దాయిల తరఫున వాదిస్తున్నాను, మధ్యలో కొన్నేళ్లు లీగల్ ఎయిడ్ తరఫున జైలుకెళ్లి ఖైదీలకు అప్పీళ్లు రాసిపెట్టాను, కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

ముందు నా మాట చెప్పేస్తాను. పెట్టొచ్చు, పెట్టాలి. కానీ పాత ఫైలునీ, కోర్టు ప్రాపర్టీ గదిలో మూటగట్టి పడేసిన వస్తువులనీ తెప్పించుకుని మళ్లీ పరీక్ష చేయించే అధికారం దానికి లేకపోతే ఎంత పెద్ద జడ్జిని కూర్చోబెట్టినా లాభం లేదు.

మీరుండే రాష్ట్రం సంగతే తీసుకుందాం, ఎందుకంటే వాళ్లు దీన్ని రెండు మెట్లుగా చేశారు, మన దగ్గర ఎవరు మాట్లాడినా ఆ రెండింటినీ కలిపేస్తారు. 2002లో అక్కడి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఐ. బెవర్లీ లేక్ జూనియర్ ఒక అధ్యయన కమిషన్ వేశారు. ఆయన రిపబ్లికన్, నేరస్తుల మీద జాలి చూపిస్తాడని ఎవరూ అనలేని మనిషి. అప్పటికే ఆ రాష్ట్రంలో కొన్ని కేసులు జనాన్ని కుదిపేసి ఉన్నాయి. రోనాల్డ్ కాటన్ అనే అతన్ని 1984లో బర్లింగ్టన్‌లో జరిగిన అత్యాచారం కేసులో బాధితురాలే గుర్తుపట్టింది, ఫొటోల్లో గుర్తుపట్టింది, వరసలో నిలబెట్టినప్పుడూ గుర్తుపట్టింది. ఆమె అబద్ధం చెప్పలేదు, మనస్ఫూర్తిగా నమ్మింది. పదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక 1995లో డీఎన్ఏ పరీక్షలో నేరం చేసింది వేరేవాడని తేలింది. అందుకే లేక్ గారు పోలీసులనీ, ప్రాసిక్యూటర్లనీ, డిఫెన్స్ లాయర్లనీ, లా ప్రొఫెసర్లనీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఈ తప్పు ఎక్కడ మొదలవుతోందో చూడమన్నారు. వాళ్లు ముందు పట్టుకున్నది గుర్తింపు విషయమే. కేసు వివరాలు తెలియని అధికారి చేతే ఫొటోలు చూపించాలి, ఒక్కొక్కటిగా చూపించాలి, చూసిన మనిషి ఎంత నమ్మకంగా చెప్తున్నారో అప్పటికప్పుడే వాళ్ల మాటల్లో రాసుకోవాలి అన్నారు. 2007లో అది చట్టమైంది. హత్య కేసుల్లో పోలీసుల ఇంటరాగేషన్ మొత్తం రికార్డు చేయాలన్న చట్టం కూడా ఆ ఏడాదే వచ్చింది.

కానీ అధ్యయనం చేసే కమిషన్ జైల్లో ఉన్న ఏ ఒక్కడినీ బయటికి తేలేదు. ఆ సంగతి వాళ్లకే అర్థమై, 2006లో చట్టం చేసి రెండో సంస్థ పెట్టారు, అదే ఇప్పుడు మీరు విన్న ఇన్నోసెన్స్ ఎంక్వైరీ కమిషన్. ఎనిమిది మంది సభ్యులు. అందులో ఒక జడ్జి, ఒక ప్రాసిక్యూటర్, ఒక డిఫెన్స్ లాయరు, ఒక షెరీఫ్ అంటే కౌంటీ పోలీసు అధిపతి, బాధితుల తరఫున పనిచేసే ఒకరు, న్యాయవ్యవస్థతో సంబంధం లేని మామూలు పౌరుడొకరు తప్పనిసరిగా ఉంటారు. సొంత దర్యాప్తు సిబ్బంది ఉంటారు. ఎనిమిది మందిలో ఐదుగురు ఒప్పుకుంటే కేసు ముగ్గురు జడ్జీల బెంచికి వెళ్తుంది, ఆ ముగ్గురూ ఏకగ్రీవంగా నిర్దోషి అంటేనే విడుదల. దరఖాస్తు పెట్టుకున్నవాడు మౌనంగా ఉండే హక్కు వదులుకోవాలి, అడిగినదానికల్లా జవాబు చెప్పాలి. లాయరు సరిగ్గా వాదించలేదు, సెక్షన్ తప్పు పడింది లాంటివి పనికిరావు, నేను ఆ నేరం చేయలేదు అనే ఒక్క మాట మీదే నడవాలి, దానికి ట్రయల్లో రాని కొత్త ఆధారం ఉండాలి. ఇంత జల్లెడ పట్టాక మూడు వేలకు పైగా దరఖాస్తుల్లో నిర్దోషులుగా తేలినవాళ్లు పదిహేను మంది దాకా. నేరస్తులందరూ ఇలా బయటికొచ్చేస్తారని భయపడేవాళ్లకు ఆ లెక్క చాలనుకుంటాను.

ఇక ఈ సమాధానంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన కేసు జోసెఫ్ స్లెడ్జ్‌ది. 1976లో బ్లేడెన్ కౌంటీలో తల్లీకూతుళ్ల జంట హత్య, 1978లో అతనికి శిక్ష. ఘటన స్థలంలో దొరికిన వెంట్రుకలకు డీఎన్ఏ పరీక్ష చేయించండి అని అతను ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాడు, కోర్టు ఆర్డరు కూడా వచ్చింది, కానీ వెంట్రుకలు దొరకట్లేదు అన్నారు. చివరికి 2012లో కోర్టు గుమస్తాలు సాక్ష్యాల గది సర్దుతూ నిచ్చెన వేసుకుని పై అర చూస్తే అక్కడ ఒక కవరు, అందులో అవే వెంట్రుకలు. పరీక్ష చేస్తే అతనివి కావు. కమిషన్ విచారణ జరిపి బెంచికి పంపింది, 2015 జనవరిలో విడుదల చేశారు. దాదాపు 37 ఏళ్లు. ఆ కవరు అటక మీద పడి ఉండబట్టి సరిపోయింది, ఎవరైనా తీసి తగలబెట్టి ఉంటే కమిషన్ ఉన్నా అతను జైల్లోనే చనిపోయేవాడు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. మన సెషన్స్ కోర్టు తీర్పు ఏదైనా తీసి చివరి పేజీ చదవండి. శిక్ష, జరిమానా రాశాక ఒక పేరా ఉంటుంది: ఎం.ఓ.1 నుంచి ఎం.ఓ.7 వరకు ఉన్న వస్తువులు విలువలేనివి కాబట్టి అప్పీలు గడువు ముగిశాక నాశనం చేయవలెను. ఎం.ఓ.లు అంటే కేసులో రుజువుగా పెట్టిన వస్తువులు, రక్తపు చొక్కా, కత్తి, జుట్టు, చెప్పులు. రేటు కట్టే వస్తువైతే అమ్మి జమ చేస్తారు, లేకపోతే నాశనం. ముప్పై ఏళ్లలో ఆ పేరా లేని తీర్పు నేను చూడలేదనే చెప్పాలి, చదివి ఆగిన లాయర్లూ తక్కువే, మొదట్లో నేనూ ఆగలేదు.

నన్ను ఆపింది ఒక కేసు. హత్య కేసులో జీవిత ఖైదు పడ్డ ఒకాయన జైలు నుంచి కార్డు ముక్క రాశాడు. చొక్కా మీద హతుడి రక్తం ఉందని ట్రయల్లో చెప్పారు, తీరా ల్యాబ్ రిపోర్టులో ఉన్నదల్లా మనిషి రక్తం అన్న ఒక్క మాట, గ్రూపు కూడా తేలలేదు. పొలంలో కొడవలి తగిలి నా చేతి నుంచి కారిన రక్తం సార్ అది, అని అతను రిమాండ్ రోజు నుంచీ అంటున్నాడు. అప్పీలు వేయడానికి మనిషి లేక గడువు దాటిపోయింది, లీగల్ ఎయిడ్ ద్వారా ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేసి అప్పీలు నంబరు చేయించాం. డీఎన్ఏ పరీక్ష అడుగుదామని కోర్టుకెళ్లి ప్రాపర్టీ గుమస్తాని పట్టుకున్నాను. ఆ గదులు మీరు చూసి ఉండరు. లక్క సీళ్లు వేసిన తెల్లగుడ్డ మూటలు, దారానికి వేలాడే చీటీలు, తుప్పు పట్టిన వేటకొడవళ్లు, బురద ఎండిపోయిన చెప్పుల జతలు, ఎలుకలు కొరికిన అట్టపెట్టెలు. పాపం ఆయన రిజిస్టర్ తీసి వేలు పెట్టి చూపించాడు. మా కేసు నంబరు, ఎం.ఓ.4, ఎదురుగా ఎర్ర సిరాతో నాశనం చేయడమైనది అని రాసి తేదీ. అప్పీలు గడువు దాటిన కొన్ని నెలలకు. ఎవరూ కుట్ర చేయలేదు, తీర్పులో ఉన్నదే అమలు చేశారు. హైకోర్టు ఉన్న రికార్డు చూసి అప్పీలు కొట్టేసింది. అతను నేరం చేశాడా లేదా అన్నది నాకు ఈరోజుకీ తెలియదు, తెలుసుకునే దారే లేకుండా పోయింది, నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

ఇది చిన్నాచితకా కేసుల సంగతే అనుకోకండి. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరు 27న ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది, తెలుగువాళ్లలో ఆ కేసు తెలియనివాళ్లు ఉండరు. 2008 ఆగస్టులో ఒక పేద యువకుణ్ణి పట్టుకున్నారు, 2010లో మహిళా కోర్టు జీవిత ఖైదు వేసింది, 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని విడిచిపెట్టి లక్ష రూపాయలు ఇమ్మంది. ఎనిమిదేళ్లకు పైగా జైలు. అసలు ఆ అమ్మాయి తల్లిదండ్రులే మొదట్నుంచీ ఇతను కాదు, అసలు దోషులు వేరే ఉన్నారు అని మొత్తుకున్నారు. తర్వాత హైకోర్టు కేసును సీబీఐకి ఇచ్చింది, తీరా చూస్తే విజయవాడ కోర్టులో ఉండాల్సిన వస్తువులు, రికార్డులు అప్పీలు నడుస్తుండగానే ధ్వంసమైపోయాయని బయటపడింది, దాని మీద విడిగా ఇంకో కేసు పెట్టాల్సి వచ్చింది. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చేశారు. ఒక మూట భద్రంగా దాచి ఉంటే ఆ తల్లికి ఆ రోజు చూడాల్సిన గతి పట్టేది కాదేమో. తప్పుడు శిక్ష అంటే జైలుకెళ్లినవాడి కష్టం ఒక్కటే అనుకుంటారు, బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి కూడా అది రెండో దెబ్బ.

సరే, ఇప్పుడు మీ జీవో మాటకొస్తాను. 1952 నాటి కమిషన్స్ ఆఫ్ ఎంక్వైరీ చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్‌తో కమిషన్ వేయొచ్చు. దానికి సాక్షులను పిలిచే అధికారం ఉంటుంది, ఏ కోర్టు నుంచైనా ఏ ఆఫీసు నుంచైనా పబ్లిక్ రికార్డు తెప్పించుకునే అధికారం కూడా ఉంటుంది. కాబట్టి మొదటి మెట్టు, అంటే అధ్యయనం, రేపే మొదలుపెట్టొచ్చు, ఢిల్లీని అడగాల్సిన పని లేదు. రెండో మెట్టు దగ్గరే చిక్కు. తీర్పు మీద సంతకం పెట్టాక అక్షర దోషాలు తప్ప ఇంకేదీ ఆ కోర్టు మార్చకూడదని మన క్రిమినల్ ప్రొసీజర్‌లోనే ఉంది, పాత కోడ్‌లో 362, కొత్త బీఎన్ఎస్ఎస్‌లో 403. అప్పీళ్లు అయిపోయినవాడికి సుప్రీంకోర్టులో రివ్యూ, అదీ పోతే క్యూరేటివ్ పిటిషన్ అనే ఆఖరి అర్జీ, లేదంటే గవర్నరు, రాష్ట్రపతి క్షమాభిక్ష, అంతకుమించి దారి లేదు. క్షమాభిక్ష అంటే చేసిన తప్పు మన్నించడం, చేయనివాడికి అది న్యాయం ఎలా అవుతుంది? నార్త్ కరోలినా తరహాలో జడ్జీల బెంచి కావాలంటే చట్టం మార్చాలి. క్రిమినల్ ప్రొసీజర్ ఉమ్మడి జాబితాలో, అంటే కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టం చేయగల విషయాల్లో ఉంది కాబట్టి అసెంబ్లీ బిల్లు పాస్ చేయొచ్చు, కానీ కేంద్ర చట్టానికి అడ్డంగా ఉంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఏళ్లు పడుతుంది. అయినా అడగాల్సిందే, కాకపోతే అది వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు.

ఈలోగా చేయగలిగిన పని ఒకటుంది, దీన్ని నేను మా బార్ అసోసియేషన్‌లో ఎన్నోసార్లు చెప్పాను. జీవిత ఖైదు, మరణశిక్ష పడ్డ కేసుల్లో రక్తం, వెంట్రుకలు, బట్టలు లాంటి వస్తువులను ఖైదీ శిక్ష అనుభవిస్తున్నంత కాలం నాశనం చేయకూడదని, కింది కోర్టులు పాటించే క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లో మార్పు తేవాలి. హైకోర్టు, ప్రభుత్వం కలిసి కూర్చుంటే అయ్యే పని. జిల్లాకొక చల్లని పొడి గది, ఒక బార్‌కోడ్ మిషను, ఒక మనిషి. 2025 జులైలో సుప్రీంకోర్టు తమిళనాడు నుంచి వచ్చిన ఒక మరణశిక్ష కేసులో ముద్దాయిని విడిచిపెడుతూ, డీఎన్ఏ నమూనా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో తీర్పు వచ్చేదాకా రిజిస్టర్ నడపాలని దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. చాలా మంచి ఆదేశం. తీర్పు తర్వాత ఆ నమూనా ఏం కావాలి అన్నది రాష్ట్రాలు పట్టించుకోవాలి.

ఇక అధ్యయన కమిషన్ ఏం చూడాలి అంటే, హైకోర్టులో, సుప్రీంకోర్టులో శిక్ష రద్దయిన ప్రతి పెద్ద కేసు ఫైలూ మొదటి పేజీ నుంచి. విమానం కూలితే బ్లాక్ బాక్స్ తీసి చూసినట్టు. నిజానికి ఇది కొత్త ఆలోచనేం కాదు. 2014 జనవరిలో కిషన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్ర హోంశాఖనీ ఇదే చేయమంది, కేసు వీగిపోయిన ప్రతిసారీ సీనియర్ అధికారుల కమిటీ కూర్చుని ఎక్కడ తప్పు జరిగిందో రాసుకోవాలి, తప్పు చేసిన అధికారిని బాధ్యుణ్ణి చేయాలి అని. కానీ నేను చూసినంతవరకు ఆ సమీక్షల్లో అడిగే ప్రశ్న ఒకటే, శిక్ష ఎందుకు పడలేదు అని. సాక్షి ఎదురు తిరిగాడు, పైకి అప్పీలు వేద్దామా వద్దా, అంతటితో సరి. అసలు ఈ మనిషిని ఎందుకు పట్టుకొచ్చాం అనే ప్రశ్న ఆ ఫారంలో ఉండదు. పోలీసులూ ప్రాసిక్యూటర్లూ మాత్రమే కూర్చునే చోట అది రాదు కూడా, అందుకే బయటివాళ్లుండే కమిషన్ కావాలంటున్నాను.

ఆ ఫైళ్లు తీస్తే ఏం కనిపిస్తుందో నాకు కొంత తెలుసు. పంచనామాలు. ముద్దాయి ఫలానా చోట ఫలానా టైముకి నేరం ఒప్పుకుని కత్తి తీసిచ్చాడని స్టేషన్‌లో టైపు చేసిన కాగితం మీద ఊరి వీఆర్వో సంతకం, అదే వీఆర్వో నాలుగు కేసుల్లో పంచనామా సాక్షి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో కత్తి పిడి కర్రదా ఇనుపదా అని అడిగితే గుర్తులేదండీ అంటాడు. తర్వాత సాక్షి చేత ముద్దాయిని గుర్తుపట్టించే గుర్తింపు పరేడ్. జైల్లో మేజిస్ట్రేటు ఎదుట జరిగే తంతు పద్ధతిగానే ఉంటుంది, కానీ అంతకు వారం ముందే ముద్దాయిని ప్రెస్ మీట్‌లో నిలబెట్టి ఉంటారు, మొహానికి మంకీ క్యాప్ వేసినా ఎత్తూ, ఒళ్లూ, నడకా అన్నీ టీవీలో రాత్రంతా తిరిగేస్తాయి. ఇంక సాక్షి గుర్తుపట్టేది నేరం రోజు చూసిన మనిషినా, టీవీలో చూసిన మనిషినా?

ఒప్పుకోలు సంగతి మరీ ఘోరం. చేయకపోతే ఎందుకు ఒప్పుకుంటాడండీ అని చదువుకున్నవాళ్లే నన్ను అడుగుతారు. మీ రాష్ట్రంలోనే హెన్రీ మెక్‌కొల్లమ్, లియోన్ బ్రౌన్ అని ఇద్దరు సవతి అన్నదమ్ములున్నారు, 1983లో పట్టుకునేనాటికి ఒకరికి 19, ఒకరికి 15, ఇద్దరికీ బుద్ధిమాంద్యం. ఇంటికి పంపిస్తామంటే పోలీసులు రాసిన కాగితం మీద సంతకం పెట్టారు. మరణశిక్షలు పడ్డాయి. 30 ఏళ్ల తర్వాత కమిషన్ సిబ్బంది ఆ కేసులో దొరికిన ఒక సిగరెట్ పీకకు డీఎన్ఏ చేయిస్తే అది అప్పటికే ఇంకో హత్యలో శిక్ష అనుభవిస్తున్నవాడిదని తేలింది. 2014 సెప్టెంబరులో ఇద్దరినీ వదిలేశారు. ఒక సిగరెట్ పీకను ముప్పై ఏళ్లు దాచారు చూడండి. మన తీర్పుల ప్రకారమైతే అది విలువలేని వస్తువు.

ల్యాబుల మీద కూడా కమిషన్ చూపు ఉండాలి. నార్త్ కరోలినా కమిషన్ ద్వారా మొట్టమొదట నిర్దోషిగా తేలిన గ్రెగ్ టేలర్ కేసులో, అతని బండి మీద రక్తం ఉందని ల్యాబు చెప్పింది, కానీ రక్తం కాదని తేల్చిన రెండో పరీక్ష ఫలితం రిపోర్టులో రాయలేదు. 17 ఏళ్ల జైలు, 2010లో విడుదల. దాంతో ఆ రాష్ట్ర ల్యాబు చేసిన రక్త పరీక్షల పాత ఫైళ్లు తనిఖీ చేయిస్తే అలాంటివే 230 దాకా బయటపడ్డాయి. ఒక్క మనిషి కేసు సరిగ్గా తవ్వితే వ్యవస్థ మొత్తం ఎలా బయటికొస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

కమిషన్ పెట్టేస్తే అయిపోయిందనుకోవడం కూడా పొరపాటే. ఇంగ్లండులో 1997 నుంచి ఇలాంటి సంస్థ ఉంది, దేశంలోని కేసులన్నీ చూస్తుంది, మంచి పేరు కూడా ఉండేది. ఆండ్రూ మాల్కిన్సన్ అనే అతని దరఖాస్తును అది రెండుసార్లు తిరగ్గొట్టింది. 17 ఏళ్లు జైల్లో ఉండి, స్వచ్ఛంద సంస్థవాళ్ల సాయంతో డీఎన్ఏ చేయించుకుని, బయటికొచ్చాక 2023లో నిర్దోషి అనిపించుకున్నాడు. సరిపడా సిబ్బంది లేక, ఫైలు పూర్తిగా చదివే ఓపిక లేక కమిషన్ కూడా ఇంకో పోస్టాఫీసు అయిపోతుంది. అందుకే రిటైరైన జడ్జి ఒక్కరిని వేసి, కారూ బంగళా ఇచ్చి, సిబ్బందిని డెప్యుటేషన్ మీద పోలీసు శాఖ నుంచే తెచ్చే పద్ధతి వద్దంటాను. ఇద్దరు ఫోరెన్సిక్ తెలిసినవాళ్లు, సొంత దర్యాప్తు అధికారులు, జైళ్లు తిరిగే లాయర్లు, బాధిత కుటుంబాల తరఫున ఒకరు, ఇంతమంది లేకుండా మొదలుపెట్టకూడదు.

నష్టపరిహారం గురించి కూడా అడిగారు కదా. దానికి మన దగ్గర హక్కు అంటూ లేదు, కోర్టు దయ. కారణం లేకుండా అరెస్టు చేయించినవాడి చేత ఇప్పించేది కొత్త చట్టంలో కూడా వెయ్యి రూపాయలే. లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో ప్రత్యేక కోర్టులు పెట్టి పరిహారం హక్కుగా ఇవ్వాలని సిఫారసు చేసింది, అది చట్టం కాలేదు. మీ దగ్గర ఏడాదికి 50 వేల డాలర్లని చట్టంలోనే రాసుకున్నారు. ఇక్కడ రాష్ట్రం తలచుకుంటే ఒక పథకం లాగైనా మొదలుపెట్టొచ్చు, విడుదలైనవాడికి ఇల్లు, వైద్యం, పిల్లల చదువు, దానికి రాజ్యాంగం అడ్డు రాదు.

మీరు ఏదైనా చేయగలనా అన్నారు కాబట్టి ఒక సాయం అడుగుతాను. మీ కమిషన్ ఆఫీసు రాలీలోనే ఉంది, మీకు దగ్గర. ఖైదీలు నింపే వాళ్ల ప్రశ్నావళి, స్లెడ్జ్ కేసు విచారణ రికార్డు సంపాదించి నాకు పంపండి. మా దగ్గర ఇద్దరు జూనియర్లు వారానికోసారి జైలు లీగల్ ఎయిడ్ క్లినిక్‌కి వెళ్తున్నారు. ఆ ప్రశ్నావళిని మన కేసులకు తగ్గట్టు తెలుగులో రాసుకుని, జీవిత ఖైదు పడ్డవాళ్లలో నేను చేయలేదు అంటున్నవాళ్ల చేత నింపిద్దామని ఉంది. నింపిన ప్రతి ఒక్కరి కేసులోనూ మేం ముందు వేసే కాగితం ఒకటే ఉంటుంది, ఎం.ఓ.లు నాశనం చేయకుండా ఆపమని కోర్టులో మెమో.